అటకెక్కించే ముందు

భోగికి వారం ముందు సింహాచలం కొండ కింద, అడవివరం నుంచి గోపాలపట్నం దాకా, ఇళ్లలో బూజుకర్రలు బయటికొస్తాయి. వాటి వెనకే కొన్ని ఇళ్లలో అటక మీది నుంచి పాత వాక్యూమ్ క్లీనర్ కూడా దిగుతుంది. ఏడాదిగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే మూలుగుతుంది, లేదంటే కాలిన వాసన వేస్తుంది. మోత మోగిపోతున్నా దుమ్ము మాత్రం కదలకపోవడమూ ఉంది. ఇంట్లో వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. "పారేసి కొత్తది తెచ్చుకుందాం" అని ఒకరు. "పదిహేనేళ్ల నాటి సరుకు, ఇప్పుడొచ్చేవి ఇంత గట్టిగా ఉంటాయా, బాగుచేయిద్దాం" అని ఇంకొకరు. పిండివంటల మధ్య ఆ తగువు తేలదు. యంత్రం మళ్లీ అటకెక్కుతుంది.

బాగుచేయించి ఉంటే కొన్ని వందలు పోయేవి. తొందరపడి కొత్తది కొని ఉంటే కొన్ని వేలు పోయేవి. అటకెక్కిస్తే ఆ రెండు ఖర్చులూ తప్పవు, కాకపోతే నెమ్మదిగా తగులుతాయి. పైనున్నన్నాళ్లూ రబ్బరు గట్టిపడుతుంది, బేరింగుల్లో గ్రీజు ఎండిపోతుంది, గొట్టంలో బొద్దింకలు కాపురం పెడతాయి. ఈలోగా ఏదో ఆఫర్ చూసి కొత్తది ఎలాగూ కొంటారు. పాతది "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న హోదాలో అలాగే ఉండిపోతుంది. కాబట్టి నేను అడిగేది రెండే: జబ్బేమిటో తెలుసుకోవాలి, ఒక గడువు పెట్టుకోవాలి. ధర సంగతి ఆ తర్వాత.

అసలు ఈ యంత్రం మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుంటే ముందుముందు లెక్క తేలికవుతుంది. 1982లో టాటా వారి ఫోర్బ్స్, స్వీడన్ వారి ఎలక్ట్రోలక్స్ కలిసి యురేకా ఫోర్బ్స్ పెట్టాయి. షాపులో పెట్టి అమ్మడం కాకుండా, టై కట్టుకున్న కుర్రాళ్లను ఇంటింటికీ పంపడం వాళ్ల పద్ధతి. ఆ కుర్రాడు మీ పరుపు మీదే యంత్రం నడిపి, తెల్లగుడ్డ మీద మీ దుమ్మునే మీకు చూపించేవాడు. ఆ గుడ్డ చూశాక వద్దనగలిగిన గృహిణులు తక్కువ. ఆ రోజున సిగ్గుతో కొన్నది వేరు, అవసరంతో కొన్నది వేరు. మీది ఏ రకమో మీకే తెలియాలి. గత ఏడాదిలో ఎన్నిసార్లు వాడారో నిజాయితీగా చెప్పుకోండి. పండక్కి ఒక్కసారే అయితే, బాగుచేయించినా కొత్తది కొన్నా వాడకం పెరగదు.

అలాగని విశాఖలో ఈ యంత్రం దండగ అని నేను అనను. వన్‌టౌన్, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు కాపురమున్నవాళ్లకు పోర్టు బొగ్గు నుసి సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున తుడిచిన కిటికీ అంచు మీద సాయంత్రానికి వేలితో గీత గీయొచ్చు. సింహాచలం వైపు ఆ నలుపు తక్కువే గానీ రోడ్డు దుమ్ముకు కొదవ లేదు. పైగా ప్రతి వాకిట్లో ముగ్గుపిండి, ప్రతి పూజగదిలో అగరొత్తి బూడిద. వాక్యూమ్ క్లీనర్‌కు పెద్ద చెత్త కంటే ఈ సన్నటి పొడితోనే చేటు. సంచి నేతలోని రంధ్రాలను అది మూసేస్తుంది. గాలి ఆడక మోటారు వేడెక్కుతుంది. సంచి చిరిగి ఉంటే పొడి నేరుగా మోటార్లోకి వెళ్లి బేరింగులను గీకుతుంది. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్లలో ఉప్పుగాలి వేరే పని చేస్తుంది: లోపలి రాగి కనెక్షన్లు పచ్చగా చిలుము పడతాయి. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పడం కూడా రోగ లక్షణం చెప్పడం లాంటిదే.

ఇంట్లో చేసుకునే పరీక్షలు

మోటారు ఆడుతూ, పీల్చకపోతే ముందు సంచి తీసి దులపండి, ఫిల్టరు తీసి చూడండి. ఇంత చిన్న విషయమా అని నవ్వకండి. చెడిపోయిందని అటకెక్కించిన వాటిలో నిండిన సంచి తప్ప ఇంకే జబ్బూ లేనివి ఉంటాయి. తర్వాత గొట్టం ఊడదీసి, యంత్రం నోటి దగ్గరే అరచేయి అడ్డం పెట్టండి. చేతిని గట్టిగా లాగితే యంత్రం బాగున్నట్టే, తప్పు గొట్టంలో ఉంది. ఏ సాక్సో, పిల్లాడి బొమ్మ చక్రమో అడ్డుపడి ఉంటుంది, లేదా మడత దగ్గర పగిలి ఉంటుంది. చేయి అడ్డం పెట్టినప్పుడు మోటారు మోత సన్నబడి పైకి లేచిందా గమనించండి. లేస్తే మంచిదే. గాలి పని తగ్గి మోటారు ఇంకా వేగంగా తిరుగుతోందన్నమాట. మోతలో మార్పే లేకపోతే లోపల పంకా విరిగి ఉండొచ్చు, లేదా గాలి ఇంకెక్కణ్ణుంచో దూరుతూ ఉండొచ్చు.

కాసేపు నడిచి ఆగిపోయి, అరగంట తర్వాత మళ్లీ నడిస్తే అది వేడికి ఆపే స్విచ్చి తన పని తాను చేయడం. మళ్లీ సంచి దగ్గరికే వెళ్లండి. తీగను అటూ ఇటూ కదిపినప్పుడు ఆగి ఆగి నడిస్తే ప్లగ్గు మొదట్లోనో, తీగ లోపలికి చుట్టుకునే చోటో వైరు తెగి ఉంటుంది. అది వీధి చివరి ఎలక్ట్రీషియన్ చేసే పనే. దాని కోసం కంపెనీ మనిషిని పిలవకండి.

వాసనలు కూడా మాట్లాడతాయి. మాడిన దుమ్ము వాసన ఏడాది తర్వాత వేసిన ఏ యంత్రానికైనా వస్తుంది, రెండు నిమిషాల్లో పోతుంది. రబ్బరు మాడిన వాసన కర్ర పట్టుకుని తోసే నిలువు రకాల్లో వస్తుంది. నేలకు తగిలే తిరుగుడు బ్రష్‌కు పొడుగు జుట్టు చుట్టుకుని అది బిగుసుకుంటే బెల్టు జారుతూ మాడుతుంది. కత్తెరతో జుట్టు కోసి తీసేస్తే సగం పని అయినట్టే. ఘాటుగా, గొంతు పట్టేసేలా, వార్నిషు మాడినట్టు వాసన వచ్చి పొగ కనిపిస్తే మాత్రం వెంటనే ప్లగ్గు పీకండి. అది వైండింగ్ కాలిన వాసన.

పొడి చెత్తకు చేసిన యంత్రంతో ఎవరైనా నీళ్లు పీల్చారా అని ఇంట్లో అందరినీ, ముఖ్యంగా పిల్లల్ని, కోప్పడకుండా అడగండి. కోప్పడితే నిజం చెప్పరు.

అరిగేవి, అరగకూడనివి

విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. 1990లో రాజుకున్న గోదావరిని రెండు దశాబ్దాలు దాటాక చల్లార్చి, లోపలి పొర మార్చి, భారీ మరమ్మతు చేసి మళ్లీ రాజేశారు. ఫర్నేసు చెడిపోయిందని ఎవరూ గుండెలు బాదుకోలేదు. ఎందుకంటే ఆ ఇటుకల పొర అరగడానికే కట్టినది. ఉక్కు దేహం వేరు, పొర వేరు. ఏ యంత్రాన్నయినా ఇలా రెండుగా విడదీసి చూడటం అలవాటైతే సగం గాభరా తగ్గుతుంది.

మన వాక్యూమ్ క్లీనర్లో అరగడానికే పెట్టినవి కార్బన్లు, బెల్టు, బ్రష్ వెంట్రుకలు, ఫిల్టరు, సంచి, గొట్టం. కార్బన్లు అంటే మోటార్లో తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించే రెండు చిన్న నల్ల దిమ్మెలు. పెన్సిల్ ముక్కు అరిగినట్టు అరుగుతాయి. అవి చిన్నవైతే నిప్పురవ్వలు పెరుగుతాయి, బలం తగ్గుతుంది, ఒకరోజు మోటారు పలకదు. మార్చడానికి కొన్ని వందలు చాలు. బేరింగులూ దాదాపు ఇదే కోవ. గీమని కూత మొదలైన రోజునే తీసుకెళ్తే బేరింగులతో పోతుంది. ఆ కూతను ఆరు నెలలు భరిస్తే ఆర్మేచర్ కూడా పోతుంది.

అరగకూడనివి ఆర్మేచర్, దాని చివరనున్న రాగి పలకల కమ్యుటేటర్, పంకా, బయటి బాడీ. ఇవి పోయాయంటే రెండుసార్లు ఆలోచించాలి. ఇక్కడ మన ఊరి అలవాటొకటి చెప్పాలి. ఏ మోటారు కాలినా "వైండింగ్ చేయించేద్దాం" అంటాం. బోరు మోటారుకు, సీలింగ్ ఫ్యానుకు అది మంచి మాటే. వాక్యూమ్ క్లీనర్ మోటారు నిమిషానికి ఇరవై వేల చుట్లు దాటి తిరుగుతుంది. చేత్తో తీగ చుట్టిన ఆర్మేచర్‌ను బ్యాలెన్సింగ్ యంత్రం మీద సరిచూడకపోతే, రవ్వంత బరువు తేడా కూడా ఆ వేగంలో వణుకై బేరింగులను తినేస్తుంది. వైండర్ పనితనాన్ని నేను శంకించడం లేదు, ఆ పరికరం చిన్న షాపుల్లో అరుదు. అందుకని ఆర్మేచర్ కాలితే మొత్తం మోటారే మార్చాలి. ఆ మోటారు దొరకకపోతే ఇక చర్చ లేదు.

షాపులో "మోటారు పోయిందండి" అంటే ఆ మాట దగ్గర ఆగిపోకండి. మోటార్లో ఏం పోయిందో చూపించమనండి. విప్పి చూపించడానికి వెనకాడనివాణ్ణి వదులుకోవద్దు. గోపాలపట్నంలో ఒక మెకానిక్ పనితీరు నాకు నచ్చింది. విప్పిన మోటారును వెలుతురుకు పట్టి, "కార్బన్లు అయిపోనాయండి. కమ్యుటేటర్ నల్లబడిందంతే, గుంటలు పడలేదు. రుద్దితే సరిపోద్ది" అన్నాడు. మూడు వాక్యాల్లో జబ్బూ, జబ్బు కానిదీ, వైద్యమూ తేల్చేశాడు. అలాంటివాడు చెప్పిన ధరకు బేరమాడకండి. మార్చిన పాత భాగాన్ని వెనక్కి ఇమ్మని మాత్రం అడగండి. గ్యారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి.

లెక్క

చాలామంది చెప్పే సూత్రం ఒకటుంది: మరమ్మతు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనేయండి. చెడ్డ సూత్రమేం కాదు, కానీ అది యంత్రం వయసునూ వాడకాన్నీ చూడదు. యూరోపియన్ యూనియన్ 2017 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే వాక్యూమ్ క్లీనర్లకు ఒక షరతు పెట్టింది. మోటారు కనీసం 500 గంటలు నడవాలి, గొట్టం 40,000 వంపులను తట్టుకోవాలి. మీ యంత్రం ఆ షరతు కింద తయారు కాకపోవచ్చు, అయినా కొలబద్దగా పనికొస్తుంది. వారానికి అరగంట వాడితే ఏడాదికి 26 గంటలు. 500 గంటలు నిండడానికి పందొమ్మిదేళ్లు పడుతుంది. వారానికి గంటన్నర వాడే ఇంట్లో ఆరున్నరేళ్లకే నిండిపోతుంది. పండక్కి దింపి ఏడాది మొత్తం మీద పది గంటలు వాడే ఇంట్లో ఆ మోటారు యాభై ఏళ్లు బతకాలి. బతకదు, ఎందుకంటే అక్కడ దాన్ని చంపేది పని కాదు, వయసు. కార్బన్లు కొత్తవాటిలా ఉంటాయి, రబ్బరూ ప్లాస్టిక్కూ మాత్రం పెళుసెక్కుతాయి.

దీన్నిబట్టి రెండు దారులు. బాగా వాడి అరిగిన యంత్రం, పదేళ్ల లోపుది, అరిగే భాగమే పోయింది: కళ్లు మూసుకుని బాగుచేయించండి. వాడకుండా ముసలిదైన యంత్రం: గొట్టం మార్చగానే మూత క్లిప్పు విరుగుతుంది, క్లిప్పు అతికించగానే తీగ చుట్టుకునే స్ప్రింగు పోతుంది. ఒక్కొక్కటీ చిన్న ఖర్చే కాబట్టి ఎక్కడా సగం ధర సూత్రం అడ్డురాదు. అలా మొత్తం ధర పెట్టేసినవాళ్లు ఉన్నారు.

మధ్యలో ఉన్నవాటికి ఏడాది లెక్క వేయండి. అంకెలు ఉదాహరణకే: కొత్తది తొమ్మిది వేలు, పదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి తొమ్మిది వందలు. పాతదానికి మోటారు మార్చడానికి మూడు వేలంటే, అది కనీసం మూడేళ్ల నాలుగు నెలలు నడిస్తేనే మీకు గిట్టుబాటు. మెకానిక్ ఆరు నెలల గ్యారంటీకే వెనకాడుతుంటే, ఆయన వేసుకున్న లెక్క మీకు అర్థమైనట్టే.

అప్పట్లో ఎంతకు కొన్నారన్నది ఈ లెక్కలోకి రానివ్వకండి. ఆ డబ్బు అప్పుడే పోయింది. మామగారు రిటైరైన డబ్బుతో కొన్నదైతే మనసు పీకడం సహజమే. దానికి విలువ ఇవ్వండి, కానీ దాన్ని మరమ్మతు ఖర్చు కింద రాయకండి.

అమెరికా నుంచి వచ్చింది

నిలువు రకం గురించి విడిగా చెప్పాలి. మోటారు, సంచి, తిరిగే బ్రష్ అన్నీ ఒకే కర్రకు అమర్చిన ఈ రకం పుట్టిందే అమెరికాలో. ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో ఊడ్చే పని చేస్తూ ఆయాసంతో బాధపడిన జేమ్స్ మరే స్పాంగ్లర్, ఒక పంకా మోటారుకు దిండు గలీబు తగిలించి దీన్ని తయారు చేశాడు. 1908లో పేటెంటు వచ్చింది. అదే ఏడు ఆ హక్కులు కొన్నది హూవర్ కుటుంబం. గోడ నుంచి గోడకు పరిచిన తివాచీలోంచి దుమ్మును దువ్వి తీయడం దాని పని.

విశాఖలో కనిపించే పాత నిలువు రకాల్లో చాలావాటికి ఒకటే కథ. పిల్లలు డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో తిరిగొస్తూ సామాన్లతో పాటు తెచ్చి ఉంటారు. దాని అడుగున లేబుల్ చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 12 ఆంపియర్లు అని ఉంటుంది. మన గోడలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హెర్ట్జ్ తేడాతో కార్బన్లున్న మోటారుకు ఇబ్బంది లేదు. వోల్టేజీ తేడాతో ప్రాణం పోతుంది. చదును పిన్నులు మన సాకెట్లో పట్టేలా చేసే చిన్న అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, కరెంటును మార్చదు. అడాప్టర్ పెట్టి నేరుగా స్విచ్చి వేస్తే కమ్యుటేటర్ చుట్టూ నిప్పుల వలయం లేస్తుంది. ఆ పని ఇప్పటికే జరిగిపోయి ఉంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

జరగకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 120ని 12తో గుణిస్తే 1,440 వాట్లు. ఊపిరాడే జాగా కోసం 2,000 వీఏ తీసుకోవాలి. అది ఒక్క చేత్తో ఎత్తే వస్తువు కాదు. గదిగదికీ యంత్రం వెనక దాన్నీ మోసుకెళ్లాలి. దాని ధర కూడా మరమ్మతు ఖర్చులో కలపండి. బెల్టులు కావాలంటే మోడల్ నంబరు ఫొటో తీసి, వచ్చేవాళ్లతో రెండు తెప్పించుకోండి, కవర్లో పట్టేంత ఉంటాయి. మోటారు మాత్రం తెప్పించకండి.

దీనికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. మీ ఇంట్లో తివాచీ ఉందా? టైల్సు, మార్బుల్, మొజాయిక్ మీద ఆ తిరుగుడు బ్రష్ ఇసుకను పీల్చేకన్నా ఎక్కువగా ఎగజిమ్ముతుంది. మన ఇళ్లలో నేలకు చీపురూ తడిగుడ్డా ఉన్నాయి. వాక్యూమ్ క్లీనర్ అవసరపడేది సోఫా సందుల్లో, పరుపుల మీద, దోమతెర కిటికీలకు, కారులో. అక్కడికి చేరాలంటే గొట్టం పొడుగున్న డబ్బా రకమే మేలు. కాబట్టి అమెరికా యంత్రానికి ఏ జబ్బూ లేకపోయినా మార్చడమే సరైన నిర్ణయం కావచ్చు. ఈ మాట తెచ్చిన పిల్లలతో మెల్లగా చెప్పండి.

ఎన్నాళ్లు ఎదురుచూడాలి

సింధుకీర్తి అనే జలాంతర్గామి మరమ్మతుకని 2006లో మన హిందుస్థాన్ షిప్‌యార్డులోకి వెళ్లి 2015లో బయటికొచ్చింది. ఊళ్లో దాని మీద జోకులు పుట్టాయి. అయినా నౌకాదళం దాన్ని వదులుకోలేదు. జలాంతర్గామి డాబాగార్డెన్స్ షాపుల్లో దొరకదు కదా. ఆ ఓపికకు కారణం ఉంది. మీ యంత్రానికి ఆ కారణం లేదు. స్పేరు పార్టు వస్తుందని మెకానిక్ చెప్పిన గడువును ఒక్కసారి పొడిగించండి, రెండోసారి పొడిగించకండి. యంత్రాన్ని వెనక్కి తెచ్చేసుకోండి. షాపులో విప్పి పడేసిన యంత్రంలో స్క్రూలు నెలకు నాలుగు చొప్పున మాయమవుతాయి.

కంపెనీ వాళ్లు "ఆ మోడల్ ఆపేశామండి" అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. గృహోపకరణాల కంపెనీలు విడిభాగాలు, సర్వీసు, వారంటీ వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. వారంటీ ఉండగా తిప్పించుకుంటే 1915కు ఫోన్ చేయవచ్చు. ఫ్రాన్సులో 2022 నవంబరు నుంచి వాక్యూమ్ క్లీనర్ల మీద ధర పక్కనే మరమ్మతు మార్కు కూడా అచ్చువేయాలి. విప్పడం ఎంత తేలిక, విడిభాగం ఎంత చవక అన్నవి చూసి పదికి మార్కు వేస్తారు. మన దగ్గర అది వచ్చేదాకా, కొత్తది కొనేటప్పుడే ఆ మార్కు మీరే వేసుకోండి. సేల్స్‌మన్‌ను దాని పీల్చే బలం గురించి అడగకండి, అది ఎలాగూ చెబుతాడు. సంచి, ఫిల్టరు, గొట్టం విడిగా దొరుకుతాయా, ధరెంత, విశాఖలో ఎక్కడ అని అడగండి. జవాబు కోసం ఇంకొకరికి ఫోన్ చేయాల్సి వస్తే మీకు సగం జవాబు దొరికింది.

మార్చాలని తేలితే పాతది ఇంట్లోంచి వెళ్లే రోజే కొత్తది రావాలి. ఎక్స్చేంజ్‌లో ఇచ్చేది తక్కువైనా ఇచ్చేయండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద, తయారీదారులు పాత సరుకు రీసైక్లింగ్ బాధ్యత కూడా మోయాలి. కాబట్టి కంపెనీ సేకరణ కేంద్రం ఎక్కడుందో అడగడానికి మొహమాటపడకండి. అంతకంటే దగ్గరి దారి, ఇందాకటి గోపాలపట్నం మెకానిక్ లాంటివాడికే ఇచ్చేయడం. మీ యంత్రంలో చచ్చింది ఆర్మేచరే అయితే గొట్టం, చక్రాలు, స్విచ్చి, తీగ ఇంకొకరి యంత్రానికి పనికొస్తాయి. ఇచ్చే ముందు సంచి తీసి ఖాళీ చేయండి, ఎవరింటి దుమ్మూ ఇంకొకరు మోయకూడదు. అమెరికా యంత్రమైతే ట్రాన్స్‌ఫార్మర్‌ను దాంతో కలిపి ఇవ్వకండి. లోపల రాగి చుట్టి ఉంటే పాతసామాన్ల కాటా దగ్గర యంత్రం కంటే దానికే ఎక్కువ పలుకుతుంది.